బొబ్బిలి యుద్ధ నాటకం: రాజ్యకాంక్ష, మారువేషం

1757 జనవరి 24న బొబ్బిలి కోట మంటల్లో పడిపోవడం, ఆ తర్వాత మూడో రాత్రి గెలిచిన విజయనగరం రాజు సొంత గుడారంలోనే కత్తిపోట్లకు బలికావడం: ఈ రెండు ఘటనలను కథావస్తువుగా తీసుకున్న తెలుగు చారిత్రక విషాదాంత నాటకాలను బొబ్బిలి యుద్ధ నాటకం అన్న పేరుతో చెప్పుకుంటాం. ఇది ఒకే కవి రాసిన ఒకే నాటకం కాదు. 20వ శతాబ్దం తొలి రెండు దశకాల్లో శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, వేదం వేంకటరాయశాస్త్రి ఎవరికి వారుగా ఈ కథను నాటకంగా రాశారు. వారికి ముందు కావ్యమూ జానపద కథాగేయమూ ఉన్నాయి, వారి తర్వాత బుర్రకథ, సినిమా వచ్చాయి. తెలుగునాట రాజ్యకాంక్ష గురించీ, పైకి కనిపించేదానికీ లోపల ఉన్నదానికీ మధ్య దూరం గురించీ మాట్లాడాలంటే షేక్స్‌పియర్ మాక్బెత్ దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. కథ ఇక్కడే ఉంది. అయితే ఈ కథలో ఆశపోతు ఒకడు, నాయకుడు మరొకడు. మన నాటకకర్తలు నాయకుడినే పట్టుకున్నారు. ఆ ఎంపిక వల్ల నాటకానికి దక్కిందేమిటో, పోయిందేమిటో ఈ వ్యాసం చూస్తుంది.

కథాస్థలం

ఈ కథ జరిగిన నేల నాగావళి, వేగవతి, సువర్ణముఖి నదుల మధ్య మెట్టా పల్లమూ కలిసిన ప్రాంతం. రైల్లో వచ్చేవారికి దీని వాకిలి ఆమదాలవలస. ఊరు ఆమదాలవలసే అయినా స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. కొత్తవాళ్ళు శ్రీకాకుళంలోనే దిగామనుకుంటారు. అక్కడి నుంచి పడమటి దిక్కుగా వెళ్తే రాజాం, ఇంకా పైకి బొబ్బిలి, దక్షిణంగా దిగితే విజయనగరం. మూడు ఊళ్ళూ ఒక్క పూటలో చుట్టి రావచ్చు. ఇంత దగ్గరగా ఉండటమే పగకు మూలం. ఎక్కడో ఉన్న శత్రువుతో యుద్ధం చేస్తారు, పక్క పొలంవాడితో పగ పెంచుకుంటారు.

శ్రీకాకుళం ఆ రోజుల్లో ఫౌజుదారు నివాసం. 17వ శతాబ్దంలో అక్కడికి ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాను వెంట వెంకటగిరి వెలమ వీరుడు పెద్దరాయుడు వచ్చాడని, అతని పరాక్రమానికి మెచ్చి ఇచ్చిన భూమిలో కట్టిన కోటే బొబ్బిలి అని సంస్థాన చరిత్ర చెబుతుంది. విజయనగరం పూసపాటి క్షత్రియులది. ఈ వంశాలు రెండూ ఒకే ఫౌజుదారుకు పేష్కషు కట్టుకుంటూ, ఒకరి ఎదుగుదలను మరొకరు ఓర్వలేక వంద ఏళ్ళు గడిపాయి. బొబ్బిలివాళ్ళు తమ వాగుల నీళ్ళు మళ్ళించుకుంటున్నారని విజయనగరం ఫిర్యాదు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కూడా కలహకారణాల్లో నీళ్ళను లెక్కపెట్టాడు. నాటకాలు దీని జోలికి పోవు. పౌరుషం, పరువు, కులగౌరవం అయితే పద్యానికి ఒదుగుతాయి కానీ కాలువ గండికి సీసపద్యం ఎవరు రాస్తారు?

విజయరామరాజు ఎత్తు

1753లో నిజాం సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేశాడు. శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాను దీనికి ఒప్పుకోలేదు. విజయనగరం రాజు పూసపాటి పెద విజయరామరాజు మొదట ఫౌజుదారు పక్షమే. ఫ్రెంచివారు శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులను తక్కువ మొత్తానికి ఇజారా ఇస్తామనగానే ఆయన ఇటు తిరిగాడు. ఒంటరివాడైన జాఫర్ అలీ నాగపూరు మరాఠాలను పిలిచాడు, వాళ్ళు వచ్చి ఊళ్ళు దోచిపోయారు. ఇజారా మాత్రం విజయరామరాజుకే మిగిలింది. నిన్నటి వరకు తోటి జమీందారుగా ఉన్నవాడు ఈ ఒక్క ఎత్తుతో మిగతావారి శిస్తు వసూలు చేసే స్థానానికి ఎక్కాడు. వీళ్ళలో బొబ్బిలి రంగారాయుడు కూడా ఉన్నాడు. ఆయన ఎవరికీ తల వంచే రకం కాదు.

ఫ్రెంచి సేనాని బుస్సీ 1756 చివర సర్కారులకు వచ్చాడు. విజయరామరాజు భారీ బలగంతో వెళ్ళి ఆయనను కలుసుకున్నాడు. బుస్సీకి తెలుగు రాదు, ఈ నేల వంశాల పగలు తెలియవు. ఆయన చెవిలో పడే ప్రతి మాటా దివాను హైదర్ జంగు మీదుగానే పడాలి. ఆ దివానును విజయరామరాజు కొనేశాడని బొబ్బిలి పక్షం కథలు గట్టిగా చెబుతాయి. బుస్సీ వెంటనే కోట మీదికి దూకలేదు. బొబ్బిలి వదిలిపెట్టు, బదులుగా మరోచోట ఇంకా మంచి భూములు ఇస్తాను అని రంగారాయుడికి కబురు పెట్టాడు. ఒక ఫ్రెంచి సేనానికి అది న్యాయమైన బేరమే. తాతల నాటి కోటను భూమి లెక్కన చూడని వెలమ దొరకు అది అవమానం. రాయబారం చేరవేసినవాడి గొంతులో అది ఎలా వినిపించిందో ఊహించుకోవచ్చు.

ఇంతలో బొబ్బిలి అడవి గుండా పోతున్న నలభైమంది ఫ్రెంచి సిపాయిల మీద దాడి జరిగింది. చాలామంది చచ్చిపోయారు. అడవి బొబ్బిలిది కాబట్టి చంపింది బొబ్బిలివాళ్ళే అని బుస్సీ నమ్మాడు, లేదా నమ్మించారు. చంపించింది విజయరామరాజే, నింద అటు నెట్టాడు అన్న అనుమానం మాత్రం ఆ నాటి నుంచీ ఉంది. రుజువు ఏ పక్షానా లేదు. రంగస్థలానికి రుజువుతో పనిలేదు. ఈ కథకు ఇరుసు ఈ దాడే. ఎవరు చేశారో తెలియని ఒక పనిని ఒకడు తనకు అనుకూలంగా చదివి వినిపించాడు, చేతిలో ఫిరంగులున్నవాడు అది విని కదిలాడు.

కోట రోజు, గుడారం రాత్రి

జనవరి 24 తెల్లవారుజామున ఫిరంగులు మోగాయి. బొబ్బిలి కోట రాతి కోట కాదు. పొరలు పొరలుగా పోసి ఎండగట్టిన మట్టి గోడలు, నాలుగు మూలల్లో బురుజులు, చుట్టూ దట్టమైన అడవి. ఓర్మ్ లెక్కలో లోపల పోరాడే మగవాళ్ళు 250 మంది, ఆడవాళ్ళూ పిల్లలూ దానికి రెండింతల దాకా. బయట ఫ్రెంచి దళం, పూసపాటివారి వేల సైన్యం. పొద్దెక్కేసరికి బురుజుల అంచులు విరిగాయి, నిచ్చెనలు పడ్డాయి, పైకెక్కిన ప్రతి గుంపునూ లోపలివాళ్ళు కిందికి నెట్టారు. మధ్యాహ్నం దాటాక ఇక నిలవలేమని తేలింది. ఆడవాళ్ళను, పిల్లలను శత్రువు చేతికి చిక్కనీయకుండా తామే చంపుకొని ఇళ్ళకు నిప్పుపెట్టి, మిగిలినవాళ్ళు చావడానికే బయటికి వచ్చారు. రంగారాయుడు పోరాడుతూ పడిపోయాడు. ఆయన పసికొడుకును తండ్రి ఆజ్ఞ మీరి దాచిన ఒక ముసలివాడు, ఆ పిల్లవాడిని చేయిపట్టి నడిపించుకొచ్చి ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టాడు. ఆ పిల్లవాడే తర్వాత చిన్న రంగారావు.

గుడారం సంగతి ఓర్మ్ ఇలా రాశాడు. కోట పడే వేళ నలుగురు బొబ్బిలి సైనికులు లోపలే ఒక మూల దాక్కున్నారు. చీకటి పడ్డాక గోడ దిగారు. విజయనగరం సేన మధ్యలోంచి నడుస్తూ పోయారు. ఎవరూ ఆపలేదు, ఎందుకంటే అడిగినవాళ్ళకు తెలుగులో జవాబు చెప్పారు, అదే యాసలో. రెండు రోజులు పొదల్లో మాటువేసి, శిబిరంలో సందడి సద్దుమణిగాక ఇద్దరు మళ్ళీ లేచారు. కాపలావాళ్ళను మళ్ళీ మాటతోనే మభ్యపెట్టి, నేల మీద పాకుతూ గుడారం వెనక గుడ్డ కింద నుంచి లోపలికి దూరారు. విజయరామరాజు ఒంటరిగా నిద్రపోతున్నాడు. భారీ శరీరం, ఒకరు చేయి ఇస్తే తప్ప లేవలేని మనిషి. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒక్కసారే గుండెల్లో పొడిచారు. మూలుగు విని వచ్చిన కాపలావాడి తుపాకి గురి తప్పింది. గుంపు విరుచుకుపడే లోపల శవాన్ని చూపించి తమకిక తృప్తి అన్నట్టు చెప్పి, అక్కడే కాల్పులకు నేలకొరిగారు. వీళ్ళు తప్పితే ఆ పని పూర్తిచేయడానికి మిగిలిన ఇద్దరూ అడవిలో ప్రమాణం చేసి కూర్చున్నారు.

ఓర్మ్ కథలో వీళ్ళకు పేర్లు లేవు. తెలుగు కథలో ఉన్నాయి: తాండ్ర పాపారాయుడు, దేవులపల్లి పెద్దన్న, బుద్ధరాజు వెంకయ్య. పాపారాయుడు రంగారాయుడికి బావమరిది, రాణి మల్లమ్మకు తోడబుట్టినవాడు, రాజాం జాగీరుదారు. శత్రువు ఆ దారిన వస్తాడని రాజాంలో కాపు పెడితే సేన మరో దారిన వచ్చింది. కబురు అంది అతను బొబ్బిలి చేరేసరికి మిగిలింది బూడిద. పేర్లు లేని సైనికుల పగను ఒక బావమరిది పగగా మార్చింది జానపద కథకుల ప్రతిభ. కథాగేయంగా దీన్ని కట్టిన పెద్దాడ మల్లేశం, 18వ శతాబ్దం చివర రంగరాయచరిత్రం అనే కావ్యం రాసిన దిట్టకవి నారాయణకవి, ఇద్దరూ యుద్ధానికి ఎంతో దూరంలో లేరు. మల్లేశం కథను తర్వాత మల్లంపల్లి సోమశేఖరశర్మ పరిష్కరించి అచ్చువేయించారు. చరిత్రగా ఓర్మ్ కథనం, నాటకంగా పాపారాయుడి కథనం నిలిచాయి. రంగస్థలానికి ఆలస్యంగా వచ్చిన మనిషి కావాలి. కోట లోపల దాక్కొని బయటపడినవాడి కంటే, రావలసిన వేళకు రాలేకపోయినవాడి దుఃఖం పెద్దది.

మారువేషం సంగతి కూడా చూడాలి. ఓర్మ్ కథనంలో ఎవరూ గడ్డం అతికించుకోలేదు, సాయిబు వేషం వేయలేదు. వాళ్ళను దాచింది భాష. శత్రువూ మిత్రుడూ ఒకే యాస మాట్లాడే నేల మీద, కోట లోపలి మనిషిని బయటి మనిషి నుంచి వేరుచేసే గుర్తు ఏదీ లేదు. విజయరామరాజు పరాయి భాషవాడిని తన కోసం అడ్డుపెట్టుకొని గెలిచాడు. సొంత భాష మాట్లాడేవాళ్ళను అనుమానించాలన్న ఊహ ఆయన కాపలావాళ్ళకు రాలేదు. ఏ నాటకకర్త కల్పించినా ఇంత బాగా కుదరని వ్యంగ్యం ఇది. తెలుగు నాటకాల్లో దీన్ని పూర్తిగా వాడుకున్నవారు కనిపించరు. పాపారాయుడు పులిలా గర్జించి మీదపడే సీనే వాళ్ళకు కావలసింది. ప్రేక్షకులకూ అదే కావాలి, వన్స్ మోర్ అక్కడే పడుతుంది.

మాక్బెత్ పక్కన పెట్టి చూస్తే

షేక్స్‌పియర్ మాక్బెత్‌ను సుమారు 1606లో రాశాడని పండితుల అంచనా, 1623 నాటి సంపుటంలో తొలిసారి అచ్చయింది. స్కాట్లండు సేనాని మాక్బెత్, మంత్రగత్తెల జోస్యం విని, భార్య ప్రోద్బలంతో, తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజు డంకన్‌ను నిద్రలో చంపి సింహాసనం ఎక్కుతాడు. ఎక్కాక అతనికి నిద్ర దూరమవుతుంది. ఒక హత్యను కప్పడానికి మరో హత్య. అడవి కదిలి వస్తే తప్ప ఓడవన్న మాట నమ్ముకొని కూర్చుంటే, శత్రుసైన్యం కొమ్మలు నరికి ముందు పట్టుకొని అడవిలా కదిలి వస్తుంది. నిజం మాక్బెత్ 1040 నుంచి 1057 వరకు స్కాట్లండును ఏలినవాడు. డంకన్ యుద్ధంలో చనిపోయాడు తప్ప మంచం మీద కాదు. బొబ్బిలి యుద్ధానికి సరిగ్గా ఏడు వందల ఏళ్ళ కిందట మాక్బెత్ కథ ముగిసింది. ఈ అంకెకు అర్థమేమీ లేదు కానీ గుర్తుంచుకోవడానికి బాగుంటుంది.

రెండు కథల్లోనూ అడవి మోసం చేస్తుంది. రెంటిలోనూ పడక మీద హత్య ఉంది. అయితే దిశ వేరు. మాక్బెత్‌లో ఆశపోతు నిద్రపోతున్నవాడిని చంపుతాడు, ఆ హత్యతో కథ మొదలవుతుంది. బొబ్బిలిలో ఆశపోతే నిద్రలో చస్తాడు, ఆ హత్యతో కథ ముగుస్తుంది. షేక్స్‌పియర్ హంతకుడి మనసులో కూర్చొని ఐదు అంకాలు నడిపాడు. కత్తి గాలిలో కనిపించేది అతనికి, రక్తం కడుక్కోలేనిది అతని భార్య. మన నాటకం రంగారాయుడి సభలో మొదలై మల్లమ్మ అంతఃపురంలో కన్నీరు పెట్టి పాపారాయుడి చేతిలో కత్తి పెడుతుంది. ఈ మూడు చోట్లలోనూ ఆశ లేదు, ఉన్నది మానం. విజయరామరాజు మీసం మెలేసి కుట్ర పన్నే ప్రతినాయకుడిగా వచ్చి వెళ్తాడు. మూడో అంకంలో ఏం చేస్తాడో మొదటి అంకంలోనే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. లోపల ఒకటి, పైన ఒకటి ఉన్నవాడిని పైనే దుష్టుడిగా కనిపించేట్టు రాస్తే, మారువేషం అన్న ఇతివృత్తమే ఆవిరైపోతుంది.

దీనికి కారణాలున్నాయి. సంస్కృత నాటకశాస్త్రం రంగం మీద నాయకుడి చావును ఒప్పుకోదు, కథ మంగళాంతం కావాలి. తెలుగులో ఈ కట్టుబాటును బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు 19వ శతాబ్దం చివర విషాద సారంగధరతో తెంచాడు. విషాదాంతం వచ్చింది కానీ, దుష్టుడిని నాయకుడిగా చూసే ధైర్యం దాని వెంట రాలేదు. నాయకుడు ఉత్తముడే కావాలి, చస్తే ఉత్తముడే చావాలి. రెండో కారణం సంస్థానాలు. షేక్స్‌పియర్ కూడా స్వేచ్ఛగా రాయలేదు. మూలకథలో హత్యకు తోడుపడ్డ తోటి సేనాని బాంకోను ఆయన నిర్దోషిగా మార్చాడు, ఎందుకంటే అప్పటి రాజు జేమ్స్ తానా వంశంవాడినని చెప్పుకునేవాడు. 1900 నాటికి బొబ్బిలి, విజయనగరం సంస్థానాలు రెండూ దర్జాగా ఉన్నాయి. బొబ్బిలి రాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు యుద్ధం జరిగిన చోట 1891లో స్మారక స్తంభం కట్టించాడు, వంశచరిత్రను ఇంగ్లీషులో రాసి అచ్చువేశాడు. అటు విజయనగరంలో మహారాజు ఆనందగజపతి ప్రాపులో నాటకకళ వెలిగింది. జగన్నాథవిలాసినీ సభవారు 1892లో గురజాడ కన్యాశుల్కాన్ని ప్రదర్శించారు. మోసగాడి లోపలా బయటా చూపించిన మన అత్యుత్తమ పాత్ర గిరీశం పుట్టింది పూసపాటివారి ఊళ్ళోనే. కాకపోతే అది హాస్యనాటకం.

శాస్త్రులు ఇద్దరు

రాజమహేంద్రవరానికి చెందిన శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి సంప్రదాయ కవి, రామాయణ భారతాలను ఒంటిచేత్తో తెలుగు చేసినవాడు, తర్వాత ఆస్థానకవి. ఆయన నాటకం పద్యనాటక సమాజాలకు బాగా అక్కరకొచ్చింది. రంగారాయుడి పౌరుషానికీ మల్లమ్మ శోకానికీ పద్యం పాడే నటుడు దొరికితే చాలు, ఊరు ఊరంతా తెల్లవార్లూ కూర్చుంటుంది. వేదం వేంకటరాయశాస్త్రి వేరే మనిషి. పాత్రను బట్టి భాష ఉండాలని ఆయన వాదం, రాజుకు ఒక తెలుగు, చాకలికి ఒక తెలుగు. ఆయన ప్రతాపరుద్రీయం మారువేషాల నాటకం. రాజు పోలికలున్న చాకలి పేరిగాడిని సింహాసనం దగ్గరికి తెచ్చి, మంత్రి యుగంధరుడికి పిచ్చివాడి వేషం వేసి ఢిల్లీ వీధుల్లో తిప్పాడు. అక్కడ వేషమే ఆయుధం, చివరికి రాజు విడుదలవుతాడు, ప్రేక్షకుడు నవ్వుతూ ఇంటికి పోతాడు.

అంతటి మాయ తెలిసిన శాస్త్రిగారు బొబ్బిలికి వచ్చేసరికి మాయను విజయరామరాజు చేతికీ దివాను చేతికీ అప్పగించి, తాను వీరరసం పక్షాన నిలబడ్డారు. నాకిది ఆయన చేజార్చుకున్న అవకాశంగానే కనిపిస్తుంది. యుగంధరుడి బుర్రను విజయరామరాజుకు పెట్టి, ఆ బుర్రలో ఆయన కూర్చొని ఉంటే, తెలుగులో మాక్బెత్ స్థాయి పాత్ర ఉండేది. ఇజారా దొరికిన రోజు ఆనందం, ఫ్రెంచి ఫిరంగులను అద్దెకు తెచ్చుకున్నానన్న తృప్తి, ఆడవాళ్ళ శవాలు చూశాక ఆ రాత్రి ఏమనుకున్నాడో తెలియని మౌనం. కోట పడ్డ తర్వాత ఆయన బతికింది రెండు రోజులు. ఆ రెండు రోజులు ఏ నాటకంలోనూ లేవు.

ఆడవారి వైపు నుంచి

మాక్బెత్‌ను హత్యకు ఎగదోసింది భార్య. బొబ్బిలి వైపు మల్లమ్మ ఎవరినీ ఎగదోయదు. అన్నకు కబురు పంపి, అది అందేలోపల అగ్నికి ఆహుతైన మల్లమ్మ చుట్టూ నాటకకర్తలు కరుణరసాన్ని పోశారు. భానుమతి ఆ పాత్ర వేసిన సినిమా చూసిన తరానికి మల్లమ్మ అంటే ఆవిడే.

విజయనగరం వైపు స్త్రీ నాటకాల్లో అంతగా కనిపించదు కానీ జనం మరచిపోలేదు. ఆ ఊరి ఇలవేల్పు పైడితల్లి విజయరామరాజు చెల్లెలని స్థానిక విశ్వాసం. యుద్ధం వద్దని అన్నను బతిమాలిందట, ఆయన వినలేదు. ఆపదను పసిగట్టి కబురు పంపాలని చూసేలోపల అన్న చావు వార్త అందింది, ఆమె పెదచెరువు ఒడ్డున ప్రాణం విడిచి దేవతగా వెలిసింది. విగ్రహం 1757లోనే చెరువులో దొరికిందని చెబుతారు. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. దేవత కలలో చెప్పిన చింతచెట్టును వెతికి తెచ్చి, సిరిమానుగా చెక్కి, దాని కొసన పూజారిని కూర్చోబెడతారు. ఆ మాను మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. కోట బురుజు మీద పూసపాటి వంశీయులు కూర్చొని చూస్తారు.

అంటే అన్న ఆశ వల్ల పోయిన చెల్లెలు, ఆ అన్న వంశంవారి కోటకే ఏటా మూడు సార్లు వచ్చి ముఖం చూపించి వెళ్తుంది. శాస్త్రుల నాటకాల్లో లేని విజయరామరాజు విషాదం ఇక్కడ ఉంది. ఇది చరిత్ర కాదు, రుజువు చేయగలిగిందీ కాదు. గెలిచిన ఊరు తన రాజు గెలుపును పండుగ చేసుకోక, దాన్ని అడ్డుకోబోయిన ఆడపిల్లను పూజించుకోవడం మాత్రం మామూలు విషయం కాదు.

ఆశ ఫలితం

బొబ్బిలి కొట్టినందువల్ల ఎవరికి ఏం దక్కిందో చూస్తే ఐదో అంకం నాటకకర్తల అవసరం లేకుండానే పూర్తయినట్టుంటుంది. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఆయన విశాఖపట్నం ఫ్రెంచివారి దగ్గర్నుంచి పట్టుకొని, బెంగాలులో ఉన్న ఇంగ్లీషు సేనాని క్లైవును సాయం పిలిచాడు. క్లైవు పంపిన ఫోర్డు దళంతో దిగి 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు, మరుసటి ఏడు మచిలీపట్నం పడింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి కథ ముగిసింది. బుస్సీ అప్పటికే దక్షిణానికి వెళ్ళిపోయాడు. దివాను హైదర్ జంగు 1758లోనే ఔరంగాబాదులో హత్యకు గురయ్యాడు. తోటి జమీందారును అణచడానికి పరదేశి సేనను ఊళ్ళోకి తెచ్చిన ఎత్తు, ఒక పరదేశిని పంపి మరొక పరదేశిని కూర్చోబెట్టడంతో ముగిసింది. 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు ఆ ఇంగ్లీషువారి చేతిలోనే చనిపోయాడు. ముసలివాడు దాచిన పిల్లవాడు చిన్న రంగారావుకు ఆ తర్వాతే బొబ్బిలి తిరిగి దక్కింది. ఆయన వంశంలోని రామకృష్ణ రంగారావు 1932లో మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి అయ్యాడు.

తెర మీద, బుర్రకథలో

రంగస్థలం నుంచి ఈ కథ బుర్రకథలోకి నడిచింది. షేక్ నాజర్ బొబ్బిలి యుద్ధం చెబితే రాజు, రాయబారి, ఆడపిల్ల, ఫిరంగి అన్నీ ఒక్కడే అయ్యేవాడు. మోసం చెప్పే చోట వంతదారుడి హాస్యం, పోరు చెప్పే చోట గుమ్మెటల వేగం. బుస్సీకి దుబాషీ ఒక మాటను మరో మాటగా మార్చి చెప్పే సన్నివేశం నాటకంలో కంటే బుర్రకథలో బాగా పండుతుంది. కథకుడు రెండు గొంతులూ తానే పలుకుతాడు కాబట్టి మాట ఎక్కడ వంకర తిరిగిందో శ్రోతకు కళ్ళముందు కనిపిస్తుంది.

1964లో సి. సీతారాం దర్శకత్వంలో వచ్చిన బొబ్బిలి యుద్ధం సినిమాలో రంగారాయుడుగా ఎన్.టి. రామారావు, పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు, విజయరామరాజుగా రాజనాల వేశారు. రాజనాలకు పాత్ర ఇచ్చారంటేనే విజయరామరాజును ఎలా చూడాలో ప్రేక్షకుడికి టికెట్టు కొన్నప్పుడే తెలిసిపోయింది. 1986లో దాసరి నారాయణరావు తాండ్ర పాపారాయుడును కృష్ణంరాజుతో తీశారు. అందులో కేంద్రం పూర్తిగా రాజాం వీరుడికి జరిగింది. బొబ్బిలి పులి అన్న మాట ఈలోపల కథను విడిచిపెట్టి సినిమా టైటిలుగా, రాజకీయ బిరుదుగా స్వతంత్రంగా తిరగడం మొదలుపెట్టింది.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఊరి సంబరాలకు, తీర్థాలకు పద్యనాటకాలు వేయించే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. పౌరాణికాలదే పెద్దపీట, చారిత్రకాలు తగ్గాయి. బొబ్బిలి యుద్ధం వేయాలంటే ఖర్చు ఎక్కువ: ఫ్రెంచి దుస్తులు కావాలి, తుపాకులు కావాలి, చివర మంటల సీను కావాలి. పైగా విజయరామరాజు వేషం వేయడానికి ముందుకొచ్చే నటుడు తక్కువ. పద్యాలు తక్కువ, చప్పట్లు ఇంకా తక్కువ. వేషం వేసేవాడికి గుడారంలో పొడిపించుకోవడం తప్ప చేయడానికి పెద్దగా మిగలదు.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విడిపోయి విజయనగరం జిల్లాలో కలిసింది. బొబ్బిలి 1979లో ఆ జిల్లా ఏర్పడినప్పటి నుంచీ అందులోనే ఉంది. తాండ్ర పాపారాయుడి ఊరు, రంగారాయుడి కోట ఇప్పుడు రెండూ విజయనగరం కలెక్టరు పాలనలోనే ఉన్నాయి.